మా ఊరి నుంచి ఆసుపత్రికి ఎంత దూరం?

కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

రోడ్డు కోసం మా ఊరోళ్లు అర్జీ పెడితే, పీహెచ్‌సీ 4 కిలోమీటర్లలోనే ఉందని జవాబొచ్చింది. ఈ సెమిస్టర్‌లో క్యూజీఐఎస్ నేర్పిస్తుంటే నేనూ కొలిచా. నిజంగానే 4 వచ్చింది. కాకి ఎగిరితే అంతే మరి. రెండేళ్ల కిందట అక్కని పురుటి నొప్పులతో డోలీలో మోసుకెళ్లాం. తెల్లారకముందే బయల్దేరితే చేరేసరికి ఎండెక్కిపోయింది.

తర్వాత క్లాసులో లీస్ట్ కాస్ట్ పాత్ చెప్పారు. నేలంతా చిన్న గళ్లుగా చేసి, ఒక్కో గడి దాటడం ఎంత కష్టమో ఒక అంకె ఇవ్వాలి. మొత్తం తక్కువయ్యే దారిని సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. ఎత్తులకి ఎస్ఆర్‌టీఎం డేటా ఉచితంగా దొరుకుతుంది, గడి సుమారు 30 మీటర్లు. నడకకి వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన సూత్రం వాడా. దాని ప్రకారం చదునులో గంటకి 5 కి.మీ. నడుస్తాం. 100 మీటర్లకి 30 మీటర్లు ఎక్కే చోట 1.8 కి.మీ. కూడా రాదు, అదే వాలు దిగితే 2.5. పోవడం, రావడం ఒకటి కాదని మన ముసలోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు గానీ కంప్యూటర్‌కి చెప్పాలి. మామూలు కాస్ట్ టూల్‌కి ఎక్కుడు, దిగుడు తేడా తెలీదు. గ్రాస్‌లో ఉన్న ఆర్.వాక్‌కి తెలుస్తుంది.

దారి 7 కి.మీ. వచ్చింది. సంబరపడి వీడియో కాల్‌లో నాన్నకి చూపించా. నాన్నకి చదువు రాదు, కొండ మాత్రం గుర్తుపట్టాడు.

"వానాకాలం ఇటు గెడ్డలోకి ఎలా దిగుతావురా?" అన్నాడు.

నిజమే, గెడ్డకి నేను అంకే వేయలేదు. వాలు మాత్రమే చూసే సాఫ్ట్‌వేర్‌కి అది చదును నేల, అంటే చవక దారి. గెడ్డ గళ్లకి పెద్ద అంకె వేసి, మేం రాళ్ల మీద దాటే చోటు ఒక్కటీ వదిలి మళ్లీ నడిపా. గీత కొండ చుట్టూ తిరిగి 11 కి.మీ. అయింది. అక్కని మోసింది అటే.

గిరిజన ప్రాంతంలో 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ, మైదానంలో 30 వేలకి ఒకటి అని ప్రభుత్వ లెక్క. ఆ అంకెలో తలలున్నాయి గానీ గెడ్డలు లేవు. అందుకే ఈసారి అర్జీకి ఈ మ్యాప్ జత చేద్దామనుకుంటున్నా. మీ ఊరికి చేయాలంటే వానాకాలం ఎక్కడ దాటుతారో ముందు ఇంట్లో అడిగి ఉంచండి, మిగతాది కలిసి చేద్దాం.

నాది ఇంకా పూర్తవలేదు. టోబ్లర్ లెక్క ఉత్త చేతుల్తో నడిచే మనిషిది. రెండో మ్యాప్ చూసి నాన్న, "డోలీ దించి భుజం మార్చుకునే చోట్లు ఏవిరా?" అన్నాడు. అవి ఇంకా పెట్టలేదు.