ఆగని బస్సుల లెక్క

క్రాంక్‌షాఫ్ట్ మెలితిరుగుతుందంటే నమ్మబుద్ధి కాదు. చేత్తో వంచడం మాట అటుంచి, ఎత్తడమే కష్టమైన ఉక్కు అది. అయినా సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడల్లా ఆ దెబ్బకి కాస్త మెలిపడి, మళ్ళీ వెనక్కొస్తుంది. ఒక డిగ్రీ కూడా ఉండదు. కానీ ఆరు సిలిండర్ల ఇంజన్‌లో, 6000 ఆర్‌పీఎం దగ్గర, ఇలాంటి దెబ్బలు సెకనుకి 300. ఊయల వెనక్కొచ్చిన క్షణంలోనే మళ్ళీ మళ్ళీ తోస్తే చిన్న తోపుకే ఎంతెత్తుకి పోతుందో మనకి తెలుసు. ఆ దెబ్బల వేగం షాఫ్ట్ సొంత లయతో కలిసినచోట జరిగేదీ అదే. బయటికి ఏ చప్పుడూ ఉండకపోవచ్చు. లోపల ఆయిల్ పంపు గేర్లు పగలొచ్చు, షాఫ్టే విరగొచ్చు.

నా కారు 2003 లెక్సస్ ఐఎస్300. ఇక్కడ టెక్సాస్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అందులో ఉన్నది టయోటా వాళ్ళ 2జేజడ్ ఇంజన్. ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. ఈ అమరికలో పిస్టన్ల ఊపుల్ని ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, అందుకే అంత నున్నగా నడుస్తుంది. అదే అమరిక వల్ల క్రాంక్ పొడుగు. పొడుగు కాబట్టి మెలి ఎక్కువ. చేతికి తగలని వణుకంతా లోపలే ఉంటుందన్నమాట.

దాన్ని అణిచే డాంపర్ క్రాంక్ ముందు కొసన, బెల్టు తిరిగే పుల్లీలోనే ఉంటుంది. మధ్యలో హబ్, చుట్టూ రబ్బరు, దాని చుట్టూ బరువైన రింగ్. మోగుతున్న గంటని అరచేత్తో పట్టుకున్నట్టు, వణుకుని రబ్బరు తీసుకుని వేడిగా మార్చేస్తుంది. నా కారులో ఇరవయ్యేళ్ళు దాటిన ఆ రబ్బరు నెర్రెలిచ్చింది. టర్బో పెట్టాలని ఏడాదిగా డబ్బు దాస్తున్నాను. ముందు ఇది మార్చక తప్పదు.

మూడు దారులు కనిపించాయి. మొదటిది తేలికపాటి అల్యూమినియం పుల్లీ. చవక. ఇంజన్ చురుగ్గా లేస్తుంది, ఫ్రెండ్సంతా అదే వేయించమన్నారు. కానీ అందులో రబ్బరూ లేదు, రింగూ లేదు, డాంపింగే లేదు. ఇంత పొడుగు క్రాంక్‌కి, పైగా టర్బోతో, అది వద్దనుకున్నాను.

రెండోది ఫ్లూయిడాంపర్. మూసేసిన డబ్బాలో చిక్కటి సిలికాన్ ద్రవం, అందులో తేలే రింగ్. ఫలానా వేగం దగ్గరే అని కాకుండా అన్ని వేగాల దగ్గరా పనిచేస్తుంది. ఎండిపోడానికి రబ్బరు లేదు. మూడోది ఏటీఐ. రింగ్‌ని రబ్బరు ఓ-రింగుల మధ్య బిగిస్తారు. ఏ ఇంజన్‌కి ఎంత గట్టి ఓ-రింగులు కావాలో చూసి వేస్తారు, అరిగితే విప్పి మార్చుకోవచ్చు. రెండిట్లోనూ రేసులకి పనికొచ్చే ఎస్ఎఫ్ఐ 18.1 సర్టిఫికెట్ ఉన్నవి దొరుకుతాయి. రెండూ ఖరీదైనవే. రెండు వారాలు తేల్చుకోలేకపోయాను.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా ఆదివారం ఫోన్లు అయిదు నిమిషాలు దాటవు. తిన్నావా, తిన్నాను, బీపీ మందులు వేసుకుంటున్నారా. ఆరోజు మాటల్లో డాంపర్ అన్నాను. నలభై నిమిషాలు మాట్లాడారు.

ఆరు సిలిండర్ల బస్సు ఇంజన్లకి ఈ ద్రవం డాంపర్లు ఆయన చేతిమీద ఎన్నో బిగించారట. "దాన్ని సుత్తితో కొట్టావంటే పోయినట్టే. డబ్బాకి సొట్ట పడితే లోపల రింగ్ పట్టేస్తుంది. పైకి మాత్రం కొత్తదాన్లా ఉంటుంది. ఏళ్ళు గడిస్తే లోపల ద్రవం కూడా గట్టిపడుద్ది. నీకు కనపడదు."

నేను ధరలు చదవబోతే ఆపేశారు. "రేటు సంగతి తర్వాత. విప్పి చూసుకునే వీలుందా దానికి?"

ఏటీఐ ఆర్డర్ పెట్టాను. రెండోది తక్కువదని కాదు. ఈ కారుని ఇంకో పదేళ్ళు నేనే ఉంచుకుంటాను, నేనే విప్పుతాను. అలాంటివాడికి తెరుచుకునే వస్తువే నయం. సుత్తి ముట్టుకోకుండా, అద్దెకి తెచ్చిన టూల్‌తో శనివారమంతా కూర్చుని బిగించాను.

ఎన్ని హార్స్‌పవర్ పెరిగిందని ఫ్రెండ్ అడిగాడు. సున్నా. నడిపితే నాకే తేడా తెలీలేదు. ఏమీ జరక్కుండా ఉండటానికి అంత డబ్బు పెట్టానంటే వాడు నవ్వాడు.

ఆ మాట నాన్నకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "మా డిపోలోనూ రోడ్డు మీద ఆగిపోయిన బస్సుల లెక్కే రాసేవాళ్ళు," అన్నారు. "ఆగని బస్సుల లెక్క ఎవడు రాస్తాడ్రా?"

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత ఆయనే, "పాతది పారెయ్యకు. రబ్బరు ఏ పక్క నెర్రెలిచ్చిందో ఫొటో తీసి పెట్టు, చూస్తాను," అన్నారు.