ఉత్తరపు సరస్సునకు ఏ మాసమున పోవలెను?

మే మన్నదమ్ముల మిద్దఱమును ఈ పాఠశాలలోనే చదువుకొంటిమి. ఇప్పుడు కెనడా దేశమున సస్కటూను నగరమందు కాపురమున్నాము. అచ్చటికి ఉత్తరముగా రమారమి 380 కిలోమీటర్ల దూరమున, వేయికి మించిన దీవులతో లాక్ లా రోంజ్ అను పెద్ద సరస్సు కలదు. గాలమువేట యచ్చటివారికి గొప్ప వినోదము. గోదావరి పాయలో వల వేసి మమ్ము చదివించిన మా తండ్రిగారు 2024వ సంవత్సరమున మాయొద్దకు వచ్చినపుడు, వారి కా నీటిని చూపవలెనని మా ముచ్చట. వారికి డెబ్బది రెండేండ్లు, మోకాళ్లు సహకరింపవు, మఱల వచ్చుట సందేహమే. మాకు దొరకునది నాలుగు దినముల సెలవు. మాసమును తప్పుగా నెన్నుకొన్నచో దిద్దుకొను నవకాశము లేదు.

2022 జూలై చివర మేమొకసారి పోయి భంగపడియుంటిమి. లేక్ ట్రౌటు అను చేపకై మూడు దినములు గాలము వేసితిమి. గాలము తడిసెనే కాని చేప తగులలేదు. పడవవాడు నవ్వి కారణము చెప్పెను. ఆ చేప చల్లదనమును కోరునది. మంచు కరగిన క్రొత్తలో నీరు పైనుండి అడుగువఱకు చల్లగానే యుండును గనుక ట్రౌటు ఒడ్డుచెంతకును వచ్చును. నడివేసవిలో ఎండకు పైనీరు వెచ్చనై, తేలికయై, పైననే నిలుచును. నాలుగు డిగ్రీల చెంత మిక్కిలి బరువైన నీరు అడుగున నుండును. చేప యా చలువను వెదకికొనుచు లోతునకు దిగును. మా గాలము దాని నెత్తిపై ఎన్ని బారల యెత్తున నాడుచుండెనో!

ఈసారి మా తమ్ముడు మే చివర పోవుదమనెను. వాలై, పైకు అను చేపలు వసంతమున గ్రుడ్లు పెట్టును గనుక ఆ యుత్తర మండలమున మే 25వ తేదీవఱకు వేట నిషిద్ధము. ఆ పిమ్మట పైకు చేప లోతులేని గడ్డి మూలలలో ఆకలిగొని తిరుగును. చేప దొరకుటయే ముఖ్యమైనచో అంతకంటె మంచి దినములు లేవు. కాని యా చలిగాలి మా తండ్రిగారి మోకాళ్లకు తగునా? జూన్ మాసమున పగలు పదునేడు గంటలు. అయినను దోమలును నల్లయీగలును మూగును. వానిముందు మన కోనసీమ దోమలు సాధువులని చెప్పవచ్చును.

మా వాదమును వినుచుండిన తండ్రిగారు, “ఆ లోతు చేప గ్రుడ్లు పెట్టు టెప్పుడురా?” అని యడిగిరి. ఆకులు రాలు కాలమున, రాళ్ల తిప్పలపైన నని చెప్పితిమి. “అట్లయిన అంతకుముందే పైకి రావలెను గదా. ఎఱ్ఱనీరు వచ్చినపుడు పులస యెదురీదు నని మాకు పంచాంగము చెప్పెనా?” అనిరి. సెప్టెంబరు రెండవ వారమే నిశ్చయమయ్యెను.

మొదటిదినము గాలి. ఆ సరస్సున గాలి లేచిన పడవ కదలరాదు. గుడిసెలో కూర్చుండి, ఇది మా తప్పే యని మేము లోలోపల కుములుచుండ, తండ్రిగారు మాత్రము పచ్చబారిన బర్చి చెట్లను చూచుచు సుఖముగా నిద్రించిరి. రాత్రి ఆకాశమున ఆకుపచ్చని యుత్తరకాంతి యాడగా మేము వారిని లేపితిమి. “ఊరిలో చెప్పిన నమ్ముదురా?” అని మాత్ర మనిరి. జూన్‌లో వచ్చియుండినచో రాత్రి చీకటి చాలక దానిని చూడకనే పోయెడివారము.

మూడవదినము ఒక తిప్ప చెంత వారి గాలమునకు ట్రౌటు తగిలెను, మోచేతి పొడవునకు మించినది. మా గాలపు కొక్కెమునకు వెనుదిరిగిన ముల్లు లేదు. త్రాడు సడలిన చేప జాఱిపోవును. వారు త్రాడు సడలనీయలేదు. ఇంత పెద్ద చేపను విడుచుట యిచ్చటి వేటగాండ్ర మర్యాదయని మేము చెప్పగా, “పట్టి విడుచుటకా యింత దూరము వచ్చితిమి?” అని కసరిరి. పిదప దాని నిండుకడుపు నొకసారి తడిమి, ఎవరును నేర్పకయే చేతులు తడుపుకొని, నీటిలోనే పట్టుకొని, అది తోక యాడించువఱకు కాచి విడిచిరి.

తరువాత తగిలిన చిన్న పైకును మాత్రము విడువనీయలేదు. “చింతపండు తెచ్చితిరా?” అని యడిగిరి. మఱచితిమి. ఆ రాత్రి ఉప్పును, మిరపపొడియు రాచి నిప్పులపై కాల్చుకొని తింటిమి.