పిల్లిని వెదకుట

వరి పండు సీమలో పిల్లి లేని యిల్లు అరుదు. గుడివాడ మొదలు బందరు వరకును, పులిగడ్డ కడ రెండు పాయలుగా చీలిన కృష్ణానది నడుమనున్న దివిసీమయందును ఒకప్పుడు ఇంటింట గాదెయో పురియో ఉండెడిది. ధాన్యమున్న చోటికి ఎలుక చేరును. ఎలుక చేరిన చోట పిల్లికి కొలువు దొరకును. జీతము గరిటెడు పాలు, ఒక చేపతల. నేడు ధాన్యము కళ్లమునుండియే బస్తాలకెక్కి మిల్లునకు పోవుచున్నను, పిల్లి మాత్రము ఆ పాత కొలువును విడువలేదు.

పిల్లిని పెంచుట సులభము. కనబడనప్పుడు వెదకుటయే కష్టము. కుక్కను పిలిచిన పరుగెత్తి వచ్చును. పిల్లి అట్లు కాదు. 2019వ సంవత్సరమున జపాను దేశపు పరిశోధకులు పరీక్షలు జరిపి, పెంపుడు పిల్లి తన పేరును తక్కిన మాటలనుండి వేరుగా గుర్తింపగలదని ప్రకటించిరి. అనగా మన పిలుపు దానికి తెలియును. వచ్చుటయు రాకుండుటయు దాని యిష్టము. అందును భయపడిన పిల్లి యున్నచోటనే ముడుచుకొని, ఉలుకు పలుకు లేక యుండును. కావున వెదకువాడు నోటికంటె కంటికి ఎక్కువ పని చెప్పవలెను.

ఈ సంగతి మాకు 2023వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ సాయంకాలమున అనుభవమునకు వచ్చినది. దివిసీమలోని ఒక చిన్న గ్రామమున మాదొక పెంకుటిల్లు. మిచౌంగ్ తుపాను వచ్చుచున్నదని ఉదయమునుండియు వాన. చీకటి పడకముందే అందరును బడి భవనమునకు చేరవలెనని మైకులో చాటించిరి. నాన్నగారు బట్టలును కాగితములును మూట కట్టిరి. అప్పుడు నాయనమ్మ, "మల్లి యేదిరా?" అని అడిగినది. మల్లి మా పిల్లి. నాలుగు దినములకు ముందు గొడ్లసావిడిలో మూడు పిల్లలను పెట్టినది. పోయి చూడగా గడ్డిలో గుంట మాత్రమే యున్నది. తల్లియు లేదు, పిల్లలును లేవు.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునందురు. మేము ఏడిండ్ల మాట యటుంచి ఒక యింటినే వెదకితిమి. వెచ్చగా నుండునని పొయ్యి ప్రక్కను, చీకటిగా నుండునని మంచముల క్రిందను, మెత్తగా నుండునని బొంతలలోను చూచితిమి. అమ్మ ఖాళీ కాగును కూడ వంచి చూచినది. "మల్లీ, మల్లీ" యని గొంతులు పోవునట్లు పిలిచితిమి. తుదకు నాన్నగారు, "పిల్లి తన దారి తాను చూచుకొనును, పదండి" అనిరి.

నాయనమ్మ గడప దాటలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన సముద్రపుటుప్పెన అయిదు మీటర్ల యెత్తున దివిసీమమీద పడి, పదివేలమంది ప్రాణములు తీసికొన్ననాడు ఆమెకు పదునాలుగేండ్లు. తుమ్మచెట్టు పట్టుకొని బ్రదికినది. తెల్లవారువరకు తమ్ముని పేరుపెట్టి పిలిచినదట. అంతకుమించి ఆమె మాకెన్నడును చెప్పలేదు. ఆ సాయంకాలమును చెప్పలేదు. "పిలవకండిరా, పైకి చూడండి. నీళ్లకు భయపడిన ప్రాణి పైకే పోతుంది" అని మాత్రమనినది.

నేను నిచ్చెన వేసి అటక యెక్కి, టార్చి వేసి చూచితిని. పిల్లి కంటి వెనుక అద్దమువంటి పొర యొకటి యుండుటచే, పడిన వెలుగు తిరిగి మెరయును. మూలనున్న పాత చేటలో రెండు పచ్చని చుక్కలు మెరసినవి. మల్లి! కన్నులైన తెరువని పిల్లలను ఒక్కొక్క దానిని మెడపట్టి పంటితో కరచుకొని, వానలో మూడుసార్లు వాకిలి దాటి, గోడ ప్రాకి అక్కడికి చేర్చినదన్నమాట.

అయినను గాలివాననాడు పెంకుల క్రింది అటక క్షేమము కాదు. నాయనమ్మ గంపలో తన పాతచీర పరచినది. పిల్లలను దింపి అందుంచగా తల్లి తనంతట తానే దిగి వచ్చి చేరినది. మీద మరియొక గంప బోర్లించి త్రాటితో కట్టి బడికి కొనిపోయితిమి. నాయనమ్మ గంపమీద చేయి వేసి, "నాలుగు ప్రాణాలు" అని లెక్కపెట్టుకొని, కొంతసేపటికి నిద్రపోయినది. గాలివాన రాత్రి ఆమె నిద్రించుట నేను చూచుట అదియే మొదలు.

మరునాడు తుపాను బాపట్లకు దక్షిణమున తీరము దాటినది. మా అటకమీది పెంకులు కొన్ని లేచిపోయినవి. పొలములో కోసిన వరి నీట నానినది. మల్లియు పిల్లలును క్షేమముగా ఇల్లు చేరినవి.

మా బందరు తీరమునకు ఉప్పెన క్రొత్త కాదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. వారికి ముందుగా చెప్పువారు లేరు. నేడు ఆకాశమున ఉపగ్రహములును, బందరులో రాడారును ఉండుటచే తుపాను కబురు దినముల ముందే వచ్చుచున్నది. ఒక గంట వ్యవధి యున్నవాడు పిల్లినైనను వెదకి తెచ్చుకొనును. అది లేనివాడు కన్నబిడ్డనైనను వెదకలేడు. కావున చదువరులారా, తుపాను కబురు విన్ననాడు వాన ముదురకముందే ఇంటిలోని చిన్న ప్రాణములను లెక్క చూచుకొనుడు. గంపయు త్రాడును సిద్ధముగా నుంచుకొనుడు. పిల్లి కనబడనిచో మొట్టమొదట అటక చూడుడు.