సోల్డరింగ్ ఫిక్స్చరూ, హైలం షీటూ

ఫర్మ్‌వేర్ రాసేవాడిని కాబట్టి బోర్డుల దగ్గర కూర్చునే భాగ్యం నాకు అప్పుడప్పుడూ దక్కుతుంటుంది. ఈ మధ్య 200 బోర్డులకి చేత్తో కనెక్టర్లు సోల్డర్ చెయ్యాల్సొచ్చింది. బోర్డు కదలకుండా, కనెక్టర్ నిటారుగా నిలబడేలా ఓ ఫిక్స్చర్ కావాలి. దాన్ని దేంతో చేయించాలన్న దగ్గర మొదలైంది చర్చ.

మా మేనేజరు గారు అక్రిలిక్ అన్నారు. చూడ్డానికి బావుంటుంది, లేజర్‌తో కోసి సాయంత్రానికల్లా ఇచ్చేస్తారు. కానీ అది 105 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. సీసం లేని సోల్డరు కరగడానికే 217 కావాలి, బిట్టేమో 350 దగ్గర ఉంటుంది! పోనీ డెల్రిన్? చక్కగా తెగుతుంది, నిజమే. 175కి కరిగిపోతుంది, బిట్టు తగిలితే ఫార్మాల్డిహైడ్ వదుల్తుంది. మనకేం, ఏసీలో కూర్చుని కోడ్ రాసుకుంటాం. రోజంతా ఆ పొగ మీద మొహం పెట్టి కూర్చునేది సోల్డరింగ్ చేసే అక్క. ఈ మాట మీటింగులో ఎవరూ అనకపోతే నేనే అన్నా.

ప్రాసెసర్ గిగాహెర్ట్జ్ చూసి కంప్యూటర్ కొన్నట్టు, మనవాళ్ళు డేటాషీట్లో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తారు. టెఫ్లాన్ 260 వరకూ నిక్షేపంలా ఉంటుంది, కానీ బిగించి ఉంచితే మెల్లగా జారుతుంది, వేడికి బాగా సాగుతుంది. పిన్నులు వంకరపోతాయి. అల్యూమినియం మరీ తమాషా, జాయింటుకి అందాల్సిన వేడంతా తనే మింగేస్తుంది. పీక్ చాలామటుకు సరిపోతుంది, ధర అడక్కండి.

చిక్కుముడి విప్పింది బాలానగర్లో మిల్లింగ్ మెషిన్ నడిపే అన్న. "బిట్టు తగిలేది ఏడ సార్? కరీదైంది ఆడనే పెట్టండి" అన్నాడు. అంతే! అడుగుభాగం హైలం షీటు, అదే పాత స్విచ్ బోర్డుల్లో ఉండే గోధుమరంగు అట్ట. అది కరగదు, మరీ వేడెక్కితే మాడుతుంది. కనెక్టర్ చుట్టూ మాత్రం వేవ్ సోల్డరింగ్ పాలెట్లకి వాడే నల్లటి గ్లాస్ కాంపోజిట్ ముక్క. అందులో స్టాటిక్ నిలవని రకం దొరుకుతుంది, చిప్పులు బతుకుతాయి.

దీనికీ ఓ తిరకాసుంది. గ్లాస్ కాంపోజిట్ కోస్తే గాజు దుమ్ము లేస్తుంది, మామూలు కట్టర్లు ఇట్టే అరిగిపోతాయి. ఆ అన్న ముక్కుకి కట్టుకునేది చేతిరుమాలు! అక్కకి పొగ తప్పించి ఈయనకి దుమ్ము పట్టించడం ఏం న్యాయం? ముక్క సైజు సగానికి తగ్గించాం. కార్బైడ్ కట్టరు, మాస్కులు, దుమ్ము లాగే వాక్యూమ్ బిల్లులోనే వెయ్యమన్నా. మేనేజరు గారు ఆ లైను దగ్గర కాసేపు ఆగి, నాకేసి చూసి, సంతకం పెట్టారు.