కోటలో పాడిన ఉత్తరం

కొలోన్‌కి చుట్టాలొస్తే మేము చూపించేవి మూడే మూడు. డోమ్ చర్చి, రైన్ నదిలో పడవ, చాక్లెట్ మ్యూజియం. పదిహేనేళ్ళుగా ఇదే వరస. ఆహెన్ వైపు ఏ4 రోడ్డు మీద అరగంట దూరంలో ఉన్న నోర్ఫెనిష్ అనే ఊరికి మాత్రం ఎవర్నీ తీసుకెళ్ళలేదు. మొన్న అక్టోబరు దాకా నేను కూడా వెళ్ళలేదు.

వెళ్ళడానికి కారణం మా కింద వాటాలో ఉండే పెద్దావిడ. డెబ్భై దాటాయి. చిన్న ఇంటికి మారిపోతూ, డ్రమ్స్ నేర్చుకుంటున్న మా అబ్బాయికి ఒక అట్టపెట్టె నిండా పాత రికార్డులు ఇచ్చేసింది. పాత ప్లేయరు కూడా దాంతోపాటే వచ్చింది. అప్పట్నుంచి మా ఇంట్లో సాయంత్రం పప్పు తాలింపు వాసన, జర్మన్ రాక్ మోత కలిసే వస్తున్నాయి.

ఒకరోజు వంటింట్లో ఉన్నాను. హాల్లో ఒకే డ్రమ్ము దెబ్బ, ఒకే మాట, మళ్ళీ అదే, మళ్ళీ అదే. అయిదు నిమిషాలు ఓర్చుకున్నాను. "ఒరేయ్, రికార్డు అరిగిపోయి ఒకే చోట తిరుగుతోంది, ముల్లు తీసి పక్కకి పెట్టు" అని కేకేశాను.

వాడు పడీ పడీ నవ్వాడు. "అరగలేదమ్మా. పాటే అంత. ఇరవై నిమిషాలుంటుంది."

ఆ రికార్డు పేరు 'మాన్‌స్టర్ మూవీ'. 1969లో వచ్చింది. అట్ట మీద కొండల మధ్య నిలబడ్డ ఇనప రాక్షసుడి బొమ్మ. పాడింది క్యాన్ అనే బృందం. క్యాన్ అంటే డబ్బా. పేరు చూసి నాకూ నవ్వొచ్చింది. మొత్తం నాలుగే పాటలు. ఒకదాంట్లో మన పిల్లలు నర్సరీలో నేర్చుకునే మేరీ పద్యాన్ని తీసుకుని దిగులు పాటగా మార్చేశారు. రెండో వైపంతా ఒక్కటే పాట, 'యూ డూ రైట్'. నేను అరిగిపోయిందనుకున్నది అదే.

"ఇది ఇక్కడే చేశారమ్మా, నోర్ఫెనిష్ కోటలో. ఇంకోటి తెలుసా? ఈ పాటలో మాటలు ఆయన రాసినవి కాదు. ఆయనకి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలోవి" అన్నాడు.

నేను స్టవ్ కట్టేసి వచ్చి కూర్చున్నాను.

పాడినాయన పేరు మాల్కమ్ మూనీ. నల్లజాతి అమెరికన్, శిల్పి, చిత్రకారుడు. పాటగాడు కావాలని జర్మనీ రాలేదు, ఇక్కడ అలా అయ్యాడు. అమెరికాలో ఉన్న ప్రియురాలు రాసిన ఉత్తరంలోంచి మాటలు తీసుకుని, పదే పదే, గొంతు బొంగురుపోయేదాకా పాడాడు. వాళ్ళు గంటల తరబడి వాయించిన దాన్ని కత్తిరించి, అతికించి ఇరవై నిమిషాలకి కుదించారట.

మీలో చాలామందికి ఇందులో వింతేముంది అనిపించొచ్చు. నాకెందుకు కాళ్ళు ఆడలేదో చెప్పాలంటే రాజంపేట దాకా వెళ్ళాలి.

మా నాన్న కువైట్‌లో డ్రైవరు. మా వైపు ఇంటికొకరైనా కువైట్‌లో ఉండేవాళ్ళు. నాన్న ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. నాకప్పుడు ఏడేళ్ళు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఫోన్లు లేవు. జులైలో వచ్చిన ఆఖరి ఉత్తరం అమ్మ దగ్గరుంది. అందులో ఒక వాక్యం: 'పాపకు చెప్పులు కొన్నాను, సైజు సరిపోతుందో లేదో.' అమ్మ రాత్రి పూట అరుగు మీద కూర్చుని అదే వాక్యం చదివేది. పైకి, కిందికి, మెల్లగా, గట్టిగా. కొన్ని రోజులకి కాగితం చూడటం మానేసింది. గిన్నెలు తోముతూ అదే, పశువులకి గడ్డి వేస్తూ అదే. రామాలయంలో చెక్క భజన వాళ్ళు ఒక్క పల్లవిని అర్ధరాత్రి దాకా లాగినట్టు.

అలా ఒక వాక్యాన్ని తిప్పి తిప్పి అనడం పిచ్చి కాదనీ, పిచ్చి పట్టకుండా పట్టుకునే గుంజ అనీ నాకు చిన్నప్పుడే తెలుసు. ఆ రోజు హాల్లో కూర్చుని విన్నది దాన్నే.

తర్వాతి శనివారం వాణ్ణి కారెక్కించుకుని బయల్దేరాను. దారిలో కెర్పెన్ దగ్గర మోడ్రాత్ అనే చోటుంది. బొగ్గు గని కోసం ఆ ఊరిని అక్కణ్ణించి లేపేశారు, కోట ఒక్కటి మిగిలింది. ఒకప్పుడు అది ప్రసూతి ఆసుపత్రి. 1928లో కార్ల్‌హైన్స్ స్టాక్‌హౌజెన్ అనే సంగీతకారుడు పుట్టింది అక్కడే. యంత్రాల శబ్దాలతో, టేపు ముక్కలతో సంగీతం కట్టిన మనిషి. క్యాన్ బృందంలో ఇద్దరు, హోల్గర్ చూకాయ్, ఇర్మిన్ ష్మిట్, ఆయన శిష్యులే.

ఏ4 దిగాక అంతా చదును నేల. పొలాల పక్కన దుంపలు గుట్టలు గుట్టలుగా పోసున్నాయి. చూడటానికి పెద్ద ముల్లంగిలా ఉంటాయి. ఇక్కడ చెరుకు లేదు, చక్కెర దీన్నుంచే తీస్తారు. శనివారం కాబట్టి ఊరు నిశ్శబ్దంగా ఉంది. పక్కనే జర్మన్ వైమానిక దళం స్థావరం ఉంది. ఆ రోజుల్లో స్టార్‌ఫైటర్ విమానాలు తల మీద నుంచి గర్జిస్తూ పోయేవని మా పెద్దావిడ చెప్పింది. ఆ మోతలో వీళ్ళ డ్రమ్ములు ఎవరికి వినపడ్డాయో!

కోట అనగానే కడప జిల్లా దాన్ని కదా, నాకు గండికోట కళ్ళ ముందు ఆడింది. ఇది అలాంటిది కాదు. దొరల బంగ్లా అనుకోండి, ఊరి మధ్యలోనే. రాజభవనం లాంటిది చూడాలంటే బ్రూల్‌లో ఆగస్టస్‌బర్గ్‌కి వెళ్ళండి, అది యునెస్కో జాబితాలో ఉంది. నోర్ఫెనిష్ కోటని అప్పట్లో కళాఖండాలు సేకరించే ఒకాయన తీసుకుని, వీళ్ళకి ఏడాది పాటు అద్దె లేకుండా చోటిచ్చాడు. మంచి పరికరాలతో కోటలో తయారైందని రికార్డు మీద గొప్పగా వేసుకున్నారు గానీ, ఉన్నది రెండు ట్రాకుల టేపు రికార్డరు. అంతకుముందు చేసిన ఆల్బమ్‌ని ఏ కంపెనీ తీసుకోలేదు. అది 1981 దాకా బయటికే రాలేదు. ఈ రెండోదే మొదటిదైంది. అదీ మొదట 500 కాపీలు మాత్రమే.

ఇంతకీ వీళ్ళు కుర్రాళ్ళేం కాదు. గిటార్ వాయించిన మిషాయెల్ కరోలీకి ఇరవై దాటాయి, మిగతా జర్మన్లు ముగ్గురికీ ముప్ఫై దాటాయి. ష్మిట్ ఆర్కెస్ట్రా నడిపే కండక్టరు. చూకాయ్ సంగీతం టీచరు, కరోలీ ఆయన శిష్యుడు. డ్రమ్స్ వాయించిన యాకీ లీబెసైట్ జాజ్‌లో పేరున్న మనిషి. ఇష్టం వచ్చినట్టు వాయించే ఆ జాజ్ విసుగెత్తి, ఒకే తాళం గడియారంలా తిప్పడం మొదలుపెట్టాడు. యుద్ధం చేసిన తండ్రుల తరం అప్పటికింకా ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పెద్దలుగా ఉన్న రోజులు. వీళ్ళకి ఆ పాత పాటలు వద్దు, అమెరికా పాటలకి నకళ్ళూ వద్దు. ఏం కావాలో తెలియక వాయిస్తూ పోతే వచ్చిందే ఈ రికార్డు.

ఆ కోట ఇప్పుడు మ్యూజియం. అందులో ఉన్నది హిట్లర్ మెచ్చిన శిల్పి ఆర్నో బ్రేకర్ చేసిన బొమ్మలు. ఈ సంగతి తెలిశాక గేటు దగ్గరే ఆగాను. "లోపలికి వెళ్దామా?" అన్నాడు మావాడు. "నువ్వు పెద్దయ్యాక వెళ్ళు, ఏం చూస్తున్నావో తెలుసుకుని వెళ్ళు" అన్నాను. గోడ పక్కన నిలబడి ఫోన్‌లో ఆ పాట పెట్టుకుని, చెరో చెవిలో ఒకటి పెట్టుకుని విన్నాం. ఒక ముసలాయన కుక్కని తిప్పుతూ మమ్మల్ని వింతగా చూసి, గుటెన్ టాగ్ చెప్పి వెళ్ళిపోయాడు.

పాట అయ్యాక మావాడు అడిగాడు. "ఆ మూనీ తర్వాత ఏమయ్యాడో తెలుసా?"

తెలుసు. ముందు రోజు రాత్రే చదివాను. రికార్డు వచ్చిన కొన్నాళ్ళకే ఆయన మనసు చెదిరింది. డాక్టరు సలహా మీద అమెరికా వెళ్ళిపోయాడు. 1970లో ఆయన చోట్లోకి డామో సుజుకి అనే జపాన్ కుర్రాడు వచ్చాడు. మ్యూనిక్‌లో వీధిలో పాడుతుంటే చూసి తెచ్చుకున్నారు. ఆ తర్వాత కోట వదిలి వైలర్స్‌విస్ట్‌లో పాత సినిమా హాలు తీసుకుని, గోడలకి మిలిటరీ పరుపులు కట్టి స్టూడియో చేసుకున్నారు. క్యాన్ కథ రాసేవాళ్ళు సుజుకి రోజుల్నే ఎక్కువ పొగుడుతారు. మూనీ సంగతి 'ఆరోగ్యం బాగాలేక వెళ్ళిపోయాడు' అని ఒక వాక్యంలో తేలిపోతుంది.

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. నా మీద కూడా అన్నారు కాబట్టి.

నేను 2009 అక్టోబరులో వచ్చాను. త్వరగా చీకటి పడిపోయేది. భాష రాదు, ఉద్యోగం లేదు. మా ఆయన పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు. జనవరికల్లా మంచం దిగడం మానేశాను. స్నానం చేసి ఎన్ని రోజులైందో లెక్క తప్పింది. డాక్టరమ్మ మందులు రాసి, "మీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళు ఎండలో ఉండండి" అంది. మార్చిలో వెళ్ళాను, మూడు నెలలున్నాను. అక్కడ మాత్రం అందరికీ మరదలి పెళ్ళికని చెప్పుకున్నాను. పెళ్ళి రెండు రోజులే కదా, మిగతా రోజులకి జవాబు లేదు. "ఏమ్మా, అప్పుడే వచ్చినావు? అల్లుడు బాగుండాడా?" అని వీధిలో అడిగిన ప్రతిసారీ తల దించుకున్నాను. ఈ పదిహేనేళ్ళలో ఇక్కడి మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్కరికీ ఆ మూడు నెలల సంగతి చెప్పలేదు. ఇదే మొదటిసారి.

మావాడికి కూడా ఆ గోడ దగ్గరే చెప్పాను. పదమూడేళ్ళ పిల్లాడికి ఏం అర్థమవుతుందో అనుకున్నాను. వాడు కాసేపు ఊరుకుని, "కానీ మూనీ మళ్ళీ వచ్చాడమ్మా" అన్నాడు. అవును, 1986లో. మొదటి బృందమంతా మళ్ళీ కలిసి ఇంకో ఆల్బమ్ చేసినప్పుడు పాడటానికి ఆయనే వచ్చాడు. "నువ్వు మూడు నెలలకే వచ్చేశావు, ఆయన పదిహేడేళ్ళు తీసుకున్నాడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక రాజంపేటకి ఫోన్ చేశాను. నాన్న లేరిప్పుడు, అమ్మ ఒక్కతే. ఉత్తరం గురించి అడిగాను. "ట్రంకుపెట్టెలో ఉంది పాపా. తీయాల్నా ఏంది, నోటికే వచ్చు" అని చెప్పులు, సైజు, అన్నీ అప్పజెప్పింది.

నాన్న ఆ సెప్టెంబరులో వచ్చారు. బాగ్దాద్ మీదుగా బస్సులో అమ్మాన్ దాకా, అక్కణ్ణించి విమానంలో బొంబాయి. అప్పుడలా వచ్చిన మనవాళ్ళు లక్షా డెబ్భై వేల మంది. కట్టుబట్టలతో దిగారు, చెప్పుల పెట్టె అక్కడే పోయింది. ఊళ్ళో అందరూ "ఏం తెచ్చినావు?" అని అడిగారు.

2010లో నేను రాజంపేట స్టేషన్లో దిగినప్పుడు నాన్న ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పెట్టె అందుకుని, "వచ్చినావు గదా, సాల్లే" అన్నారు. నా చెప్పుల వంక చూసి, "ఎండకి ఇవి పనికిరావు" అని దారిలో బజారు దగ్గర ఆటో ఆపించారు.