మీరను మాట, నాదను మాట

అన్యభాష నేర్చుట యనగా సూత్రములను, పదములను కంఠస్థము చేయుటయే యని మనవారిలో పలువురి తలంపు. బందరు, గుడివాడ ప్రాంతములలో బిడ్డను జర్మనీకి నర్సుగా పంపనెంచు తలిదండ్రులును తొలుత పత్రమునుగూర్చియే యడుగుదురు. ఐరోపా కౌన్సిలు 2001లో ప్రకటించిన ఆరుమెట్ల పద్ధతిలో బి-1 అనునది మూడవమెట్టు. అచ్చటనే చిక్కు మొదలగును.

సంస్కృతము చదివినవారికి జర్మను వ్యాకరణము భయము గొల్పదు. అందును లింగములు మూడు. బాలికను దెలుపు 'మేడ్‌షెన్' పదము నపుంసకమని వినగనే విద్యార్థులు నవ్వుదురు. భార్యను దెలుపు కలత్రశబ్దము నపుంసకము, దారశబ్దము పుంలింగము అని చెప్పినచో ఆ నవ్వు మనమీదికే మరలును. ఉపవాక్యమున క్రియ చివర నిలుచుట తెలుగువారికి పుట్టినింటి పద్ధతియే.

కాని మూడవమెట్టున సమాజము తెలియక భాష సాగదు. గ్యేటే సంస్థ జరుపు బి-1 సంభాషణపరీక్షలో అభ్యర్థి యొక విషయముపై తన యనుభవమును, తన దేశపు స్థితిని, తన యభిప్రాయమును చెప్పవలెను. మాయొద్ద ఆదివారములందు చదువుకొను దివిసీమ యువతి వివాహమునుగూర్చి మాటాడబూని, "నా యభిప్రాయమున" అనుచోట నాగిపోయెను. పదములు కొరవడలేదు. ఆ సంగతి తన్నింతవరకు ఎవరును అడుగలేదని ఆమెయే చెప్పెను.

మర్యాదావాచకము మరియొక పాఠము. పరిచయములేని వయోజనులు జర్మనులో పరస్పరము 'జీ' యని సంబోధించుకొందురు. అది మన 'మీరు' వంటిదే. అయితే ఇచ్చి పుచ్చుకొనునది. మన యూళ్లలో కూలివానిని 'నువ్వు' అని పిలిచి, వానిచేత 'మీరు' అనిపించుకొనువారు నేటికిని కలరు.

ఆ సమాజము మొదటినుండి యిట్లే యుండెననరాదు. అవివాహితను వేరుపరచు 'ఫ్రాయిలైన్' అను పిలుపును పశ్చిమజర్మనీ ప్రభుత్వము 1972లో కార్యాలయములనుండి తొలగించెను. గృహధర్మమునకు భంగము లేనంతవరకే భార్య ఉద్యోగము చేయవచ్చునను శాసనము అచ్చట 1977 వరకు నిలిచెను. వారును మార్చుకొనిరి, కావున మార్చుకొనుట సాధ్యము.

ఆ యువతి పిమ్మట కట్నమునుగూర్చి ఏడు వాక్యములు జర్మనులో వ్రాసి చదివెను. "మాస్టారూ, ఈ మాటలే తెలుగులో మా నాన్నగారితో అనవచ్చునా?" అని యడిగెను. "అనవలెనమ్మా" అంటిమి. పరభాషలో అభిప్రాయము చెప్పుటకు వేలకొలది రుసుము కట్టు తలిదండ్రులు, ఆ యభిప్రాయమును ఇంట తెలుగున ఒక్కసారి యడిగినయెడల రుసుమేమియు నక్కరలేదు.