మా ఇప్పచెట్టు - ఐదు ఫోటోలు

మా ఊరు చర్ల మండలంలో అడవి పక్కన ఉంది. మా చేను గట్టు దగ్గర ఒక పెద్ద ఇప్పచెట్టు ఉంది. మేం కోయ భాష మాట్లాడతాం. మా నాయనమ్మ కాపురానికి వచ్చేటప్పటికే అది పెద్ద చెట్టంట.

2024 దసరా సెలవుల్లో మా అన్న ఫోనుతో దాన్ని ఫోటో తీశాను. హాస్టల్లో ఇల్లు గుర్తొస్తే చూసుకుందామని తీశాను, అంతే. చేలో ఒక బండ ఉంది. దాని మీద నిలబడి తీశాను. అప్పుడు చెట్టు నిండా ఆకులు, కింద వరి పచ్చగా ఉంది. సంక్రాంతికి అదే బండ మీద నిలబడి రెండోది తీశాను. వరి కోసేశారు. ఆకులు ముదిరిపోయి ఉన్నాయి.

ఉగాదికి పోతే చెట్టుకు ఆకు లేదు. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పువ్వు. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. దాన్ని తినడానికి ఎలుగుబంటి కూడా వస్తుంది. అందుకే నాయనమ్మ, అమ్మ, నేను గట్టిగా మాట్లాడుకుంటూ పోయాం. తట్ట నిండాక మూడో ఫోటో తీశాను. జూన్‌లో బడి తెరిచే ముందు నాలుగోది. కొత్త ఆకులు, కాయలు వచ్చాయి. ఆ పలుకులతో నూనె తీస్తాం.

వానాకాలం నేను ఇక్కడే ఉంటాను కదా. అమ్మను తీయమన్నాను. అమ్మకు చదువు రాదు, ఫోను ఎప్పుడూ పట్టలేదు. అన్న చూపిస్తే తీసింది. అన్న దాన్ని వార్డెన్ మేడం ఫోనుకు పంపాడు. చెట్టు వంకరగా ఉంది, ఒక మూల అమ్మ వేలు పడింది. కానీ నేను నిలబడే బండ మీదే నిలబడి తీసిందంట. నాకు ఏడుపొచ్చింది.

2026 సంక్రాంతికి అన్న ఐదు ఫోటోలు కడిగించి తెచ్చాడు. మంచం మీద వరసగా పెట్టి చూశాను. మొదటి ఫోటోలో చెట్టు మొదట్లో చిన్న నల్లమచ్చ ఉంది. ఉగాది ఫోటోలో అది నడుం ఎత్తు అయింది. అమ్మ తీసిన ఫోటోలో అక్కడ బెరడు ఊడిపోయి తొర్ర కనపడుతోంది. పువ్వు రాలే ముందు నేల శుభ్రంగా ఉండాలని కింద ఎండుటాకులు తగలబెడతాం. ఆ మంటే ఇది. చెట్టు కింద ఒక్క పిల్ల మొక్క కూడా లేదని అప్పుడే చూశాను.

నాయనమ్మకు చెప్పడానికి భయమేసింది. ఆ పువ్వు అమ్మిన డబ్బుతోనే నాకు సబ్బులు, నోటుబుక్కులు కొంటారు. చెప్తే, "మీ తాత కూడా ఇట్లనే కాల్చిండు. కాల్చకపోతే ఆకుల్లో పువ్వు ఎట్ల కనపడుద్దే?" అంది.

"ఊడుద్దాం, పాత చీరలు పరుద్దాం" అన్నాను.

"నువ్వు హాస్టల్‌కి పోతావు. ఊడ్చేది ఎవరు?"

నేను ఏం మాట్లాడలేదు. నాయనమ్మ ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి ఆ మచ్చను చాలాసేపు చూసింది. పొయ్యి దగ్గర నుంచి అమ్మ, "నేను ఊడుస్తాలే" అంది.

అమ్మకు ఇంకో పని పెంచాను. అది కూడా నాకు తెలుసు. అందుకే ఉగాదికి పోయినప్పుడు చీపురు నేనే పడతాను. ఆరో ఫోటో కూడా తీస్తాను.

ఫ్రెండ్స్, ఐదు ఫోటోలు కింద అంటించాను. చేతితో ముట్టుకోకండి. మీ ఊళ్ళో ఇప్పచెట్టు ఉంటే ఈసారి దాని మొదలు కూడా చూసి రండి.

- తొమ్మిదో తరగతి